మానెంగుబా కొండ మీద కొమ్ముల ఊసరవెల్లి: ఇది ఏ జాతి? డబ్బిచ్చి వదిలించడం తప్పా?

డువాలా_భీమవరం
కామెరూన్‌లో ఉద్యోగానికొచ్చి మూడేళ్లయింది, పోర్టు, ఆఫీసు, ఇల్లు తప్ప ఏమీ చూడలేదు. మొన్న వరసగా సెలవులొస్తే నలుగురం కలిసి మానెంగుబా కొండకి వెళ్లాం. మెలాంగ్ అవతల ఒక పల్లెలో కారు వదిలి, అక్కణ్ణించి బైకు టాక్సీలు (ఇక్కడ బెన్‌స్కిన్ అంటారు). పైన పాత అగ్నిపర్వతం నోట్లో రెండు సరస్సులు, ఒకటి ఆడదట, ఒకటి మగదట. చుట్టూ గడ్డి, ఆవులు, గుర్రాలు. ఊటీకి ఎవరో కన్నం పెట్టినట్టుంటుంది.

అసలు సంగతి అది కాదు. సాయంత్రం దిగి కారు దగ్గరికొచ్చేసరికి పదేళ్ల కుర్రాడొకడు కర్ర చివర ఊసరవెల్లిని పెట్టుకుని నిలబడ్డాడు. మూరెడు లేదు గానీ జానెడుకి బాగా ఎక్కువే. ముక్కు మీద కొమ్ములు! వీపు మీద చేప రెక్కలాంటి తెర, గడ్డం కింద చిన్న చిన్న వేలాడే పొలుసులు. నేను నాలుగు కొమ్ములు లెక్కపెట్టాను, మా కొలీగ్ రెండే అంటాడు. మా డ్రైవరు మాత్రం చూడగానే అద్దాలెక్కించేసి లోపల కూర్చున్నాడు, అది కారెక్కితే తను దిగిపోతానన్నాడు. కుర్రాడు ఐదువేల ఫ్రాంకులడిగాడు. బేరమాడి రెండువేలిచ్చి (మన మూడొందలకి అటూ ఇటూ) అక్కడే కాఫీ చెట్టు మీద వదిలేయించా.

ఇది ఏ జాతి? నిజంగా అరుదైనదేనా? ఇంటికి ఫోన్ చేసి చెబితే మా అమ్మ "ఊసరవెల్లేగా, మన పెరట్లో బోలెడు" అంది. అవి తొండలమ్మా అంటే వినదు. ఫొటో పెడుతున్నా, కొంచెం కదిలింది.

మిడతంభొట్లు
కాఫీ చెట్టు ఫొటో బాగా వచ్చింది. ఊసరవెల్లి ఏ పక్క ఉంది?

పాలపిట్ట77
తొండ ముదిరితే ఊసరవెల్లి అంటారు కదా, ఊసరవెల్లి ముదిరితే కొమ్ములొస్తాయన్నమాట. ఈ ముక్క మన పెద్దవాళ్లు చెప్పనేలేదు.

బల్లిశాస్త్రి
ఫొటో సంగతి వదిలేయండి, మీరు రాసిన గుర్తులే చాలు. ఆ కొండ మీద కొమ్ములున్నవి ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి మోంటియం, దానికి రెండు కొమ్ములు, వీపు మీద పెద్ద తెర, కానీ గొంతు కింద గడ్డం ఉండదు. రెండోది ఫెఫరీ, అదీ రెండు కొమ్ములదే, వీపు మీద తెరకి బదులు ముళ్ల వరసలా ఉంటుంది. మూడోది ట్రయోసెరోస్ క్వాడ్రికార్నిస్, పేరుకి అర్థమే నాలుగు కొమ్ములని. తెరా ఉంటుంది, గడ్డమూ ఉంటుంది. మీరు చూసింది ఇదే, మగది.

మీరూ మీ కొలీగూ పోట్లాడుకోనక్కర్లేదు. ముందు జత కొమ్ములు పొడుగు, వెనక జత పొట్టి. ఎదురుగా చూస్తే రెండే కనిపిస్తాయి. కొన్నింటికి ఒక జతే ఉంటుంది, కొన్నింటికి మూడు జతలు కూడా. పేరు పెట్టింది టోర్నియర్ అనే జర్మన్ శాస్త్రవేత్త, 1899లో. అప్పుడు కామెరూన్ జర్మనీ వలస కాబట్టి అక్కడి జంతువులు చాలావరకు బెర్లిన్ మ్యూజియం చేరి, పేర్లు తెచ్చుకున్నాయి.

ఒక్క మాట మాత్రం చెప్పాలి, ఏమీ అనుకోకండి. కాఫీ తోటలో వదిలారన్నారు. అది కాఫీ తోటలో ఉండే జంతువు కాదు. చల్లటి కొండ అడవి దానిది, ఎక్కువగా 1,500 మీటర్ల పైన, పొద్దస్తమానం మబ్బు తగిలే చోట. కుర్రాడు పైనుంచి కిందికి తెచ్చాడు. మీరు కిందే వదిలారు.

డువాలా_భీమవరం
అయ్యో. ఇది నాకు తట్టనే లేదు. చెట్టే కదా, ఏ చెట్టైతే ఏమనుకున్నా.

కొర్రమీను
బల్లిశాస్త్రి గారూ, ఒక అనుమానం. పదేళ్ల పిల్లాడికి చేతికి దొరికేస్తోంది, రోడ్డు పక్కన పెట్టి అమ్ముతున్నాడు. ఇంక అరుదేంటి? అరుదంటే ఎవరికీ కనపడకూడదు కదా.

బల్లిశాస్త్రి
అందరూ ఇక్కడే పప్పులో కాలేస్తారు. అరుదు రెండు రకాలు. కామెరూన్‌లోనే రాంఫోలియాన్ స్పెక్ట్రమ్ అని వేలెడంత ఊసరవెల్లి ఉంది, తోక మొండి, అచ్చం ఎండుటాకులా ఉండి అడవి నేల మీద, కింది కొమ్మల్లో తిరుగుతుంది. పక్కనే ఉన్నా కంటికి ఆనదు. కానీ నైజీరియా నుంచి గాబన్, కాంగో దాకా పరుచుకుని ఉంది. దానికి కొంప మునిగేదేమీ లేదు.

ఈ నాలుగు కొమ్ములది దానికి పూర్తిగా తిరగేసిన కేసు. ఉన్నచోట వెతికితే దొరుకుతుంది. కానీ ఉన్న చోట్లే నాలుగైదు కొండలు. మానెంగుబా, కూపే కొండల మీద ఒక ఉపజాతి. ఉత్తరంగా బమెండా వైపు ఓకు కొండ దగ్గర నుంచి నైజీరియా సరిహద్దు దాటి ఒబుడు పీఠభూమి దాకా ఇంకో ఉపజాతి, దాన్ని గ్రాసిలియోర్ అంటారు, 1981లో విడదీశారు. ఒక కొండ మీదున్నది దిగి, మధ్యలో ఉన్న వేడి పల్లం దాటి, పక్క కొండెక్కలేదు. సముద్రంలో దీవులనుకోండి, కాకపోతే నీళ్ల బదులు వేడి. కింద నుంచి పొలాలు ఎక్కుతూ వస్తే దీవి చిన్నదైపోతుంది. పైకి పోదామా అంటే పైన గడ్డి తప్ప ఏముంది, ఆ తర్వాత ఆకాశమే. అందుకే అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ జాబితాలో దీన్ని ముప్పున్న జాతుల్లో పెట్టారు.

మీరెక్కిన మానెంగుబా మీదే పెరెటై అని ఇంకో ఊసరవెల్లి ఉంది. ప్రపంచం మొత్తం మీద దానికి ఆ ఒక్క కొండే ఇల్లు.

కొర్రమీను
ఇప్పుడర్థమైంది. కొల్లేరులో చేపలు బోలెడున్నాయి కదా అని కొల్లేరే ఎండగడితే ఎలా అన్నట్టు.

మిడతంభొట్లు
ఎండగట్టేది మీ కొర్రమీను బ్యాచే కాబట్టి మీకు త్వరగా అర్థమైంది.

కరక్కాయ
జాతి పేరు తేలింది గానీ రెండో ప్రశ్న అందరూ దాటేశారు. డబ్బివ్వడం తప్పే. భీమవరం అన్న మనసు మంచిదే, కాదనను. కానీ ఆ పిల్లాడికి అర్థమైందేంటంటే, ఊసరవెల్లిని పట్టుకుంటే రెండువేలొస్తాయి. అన్న కారు మలుపు తిరిగిందో లేదో మళ్లీ కాఫీ చెట్టెక్కి ఉంటాడు. దేవుడి గుడి ముందు పంజరంలో పిచ్చుకలు పెట్టి, డబ్బిస్తే వదులుతాం పుణ్యం అంటారే, అదే వ్యాపారం. ఆ పుణ్యం కోసమే పిచ్చుకల్ని పడతారు.

డువాలా_భీమవరం
మరేం చేయాలి కరక్కాయ గారూ? ఇవ్వకుండా వచ్చేస్తే వాడు దాన్ని చంపేసేవాడేమో. మా డ్రైవరు భయం చూస్తే ఆ ఊళ్లో దాన్ని ఎవరూ ముద్దు చేస్తారని అనుకోను. విషం ఉంటుందనీ, ఇంట్లోకొస్తే కీడనీ ఏదేదో చెప్పాడు దారంతా.

సీమరాళ్లు
విషం సంగతి మా ఊళ్లోనూ అంతే. మదనపల్లె వైపు మా తోటలో వానలు పడ్డాక ఊసరవెల్లి కనపడుతుంది అప్పుడప్పుడూ, అసలుదే, తొండ కాదు, పచ్చగా వేళ్లు పట్టకారులా పెట్టుకుని ఊగుతూ నడిచేది. మా పాలేరు దాన్ని చూస్తే రాయి తీసేవాడు, ఊపిరి తగిలినా పోతామని. నేను చేతి మీద ఎక్కించుకుని చూపించాక కూడా "మీకేం బాబూ, చదువుకున్నోళ్లు, మీకెక్కదు" అన్నాడు. ఊసరవెల్లికి విషం లేదు, కోరల్లేవు, బుస్సుమని నోరు తెరవడం ఒక్కటే దాని ఆయుధం.

భీమవరం అన్నా, మీ అమ్మగారికి చెప్పండి, ఇండియా మొత్తానికి ఉన్నది ఒకే ఒక్క ఊసరవెల్లి జాతి, దానికి కొమ్ముల్లేవు. వేళ్లు రెండు ఒక పక్క, మూడు ఒక పక్క అతుక్కుని ఉంటే ఊసరవెల్లి. అయిదు వేళ్లూ విడివిడిగా ఉండి, గోడెక్కి తలూపితే తొండ.

డువాలా_భీమవరం
చెప్పా. "అయితే తలూపేది నీలాంటిదన్నమాట" అంది.

బమెండా_పాతకాపు
ఈ పేజీలో బమెండా పేరు చూసి లాగిన్ అయ్యా, నాలుగేళ్ల తర్వాత. నేను అక్కడ 2012 నుంచి 2015 దాకా పాఠాలు చెప్పాను. ఇప్పుడు ఆ వాయవ్య, నైరుతి ప్రాంతాలు ఎలా ఉన్నాయో తెలిసిందే కదా, ఇంగ్లీషు మాట్లాడే జిల్లాల గొడవ 2016లో మొదలై ఇంకా చల్లారలేదు. అప్పట్లో ప్రశాంతంగా ఉండేది. ఓకు కొండ ఎక్కాం, 3,000 మీటర్లు దాటుతుంది, పొద్దున్నే పళ్లు కొట్టుకునే చలి. పైన అడవి మధ్యలో ఓకు సరస్సు. ఆ సరస్సులో ఉండే ఒక కప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు.

బల్లిశాస్త్రి గారు చెప్పిన రెండో ఉపజాతిని నేను చూసింది అక్కడే. కిలుం-ఇజిం అడవి అంటారు, ఊళ్లవాళ్లే కాపాడుకుంటారు. 1987లో పక్షుల కోసం మొదలైన ప్రాజెక్టు అది, ఎర్ర రెక్కల బ్యానర్‌మన్ టురాకో అనే పిట్ట కోసం. పిట్ట కోసం అడవి నిలబెడితే ఊసరవెల్లికి కూడా నీడ దొరికింది. ఓకు తెల్ల తేనె కూడా ఆ అడవి పూలదే, గడ్డకట్టి వెన్నలా ఉంటుంది. అడవి ఉంటే తేనె, తేనె ఉంటే డబ్బు, ఈ లెక్క అక్కడ ముసలివాళ్లకి బాగా తెలుసు. కానీ అదే అడవిలో ప్రూనస్ అనే చెట్టు బెరడుకి గిరాకీ ఎక్కువ, ప్రోస్టేట్ మందుల్లోకి వెళుతుంది. చుట్టూరా ఒలిచేసి చెట్లని నిలువునా చంపినవి నేను కళ్లారా చూశా.

కాబట్టి కరక్కాయ గారూ, పిల్లాడి రెండువేల మీద ఇంత గొడవ అనవసరం అనిపిస్తుంది నాకు. పది మంది పిల్లలు ఏడాదంతా పట్టినా, ఒక్క ఎకరం అడవి కొట్టినంత నష్టం జరగదు.

కరక్కాయ
ఎకరం కొట్టడం ఎక్కువ నష్టమే, ఒప్పుకుంటా. కానీ పిల్లాడి వెనక పెద్దవాళ్లుంటారు మాస్టారూ. ఈ కొమ్ముల రకాలు యూరప్, అమెరికా పెంపుడు జంతువుల బజారుకి కామెరూన్ నుంచి ఏళ్ల తరబడి వెళ్లాయి. దొడ్డిదారినే కాదు, పర్మిట్లతోనూ. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారం మీద ఉన్న సైట్స్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి ఎగుమతికి అనుమతి తప్పనిసరి. మొదట కొండమీద పట్టేది ఎవరు? ఇలాంటి కుర్రాళ్లే. అంచున ఉన్న ఒక చిన్న అడవి ముక్కలో మగవాటినే ఏరుకుంటూ పోతే (కొమ్ములున్నవే ధర పలుకుతాయి కదా) ఏమవుతుందో మీరే చెప్పండి.

గచ్చిబౌలి_గెక్కో
పెంపుడు జంతువుల మాటొచ్చింది కాబట్టి అడుగుతున్నా. ఇక్కడ ఒకతను ఈ క్వాడ్రికార్నిస్ జత తెప్పిస్తానంటున్నాడు, ఎనభై వేలట. నా దగ్గర రెండు గెక్కోలు (పెంపుడు బల్లులు) ఉన్నాయి, అనుభవం ఉంది. ఎవరైనా పెంచారా?

మిడతంభొట్లు
పైన ఇంత రామాయణం విని...

న్యూజెర్సీ_నేరేడు
నేను పెంచా, ఇదే కాదు, దీని బంధువు జాక్సన్స్ ఊసరవెల్లిని, మూడు కొమ్ములది, ఇక్కడి బ్రీడర్ దగ్గర పుట్టినది. కొండ జాతులన్నిటికీ ఒకటే కష్టం, వేడి పడదు. పగలు 24, 25 డిగ్రీలు, రాత్రి 15కి దిగాలి. రాత్రి చల్లబడకపోతే మెల్లగా నీరసించి పోతాయి, ఎందుకు పోయిందో కూడా మనకి తెలియదు. గిన్నెలో నీళ్లు పెడితే తాగవు, ఆకుల మీద తుంపర కొట్టాలి, రోజుకి ఎన్నోసార్లు. ఇక్కడ చలి ఊళ్లో, బేస్‌మెంటులో పెట్టి కూడా జూలై వస్తే నాకు టెన్షన్. గచ్చిబౌలిలో మే నెల ఎలా గడుపుతారు తమ్ముడూ?

అన్నట్టు జాక్సన్స్ పిల్లల్ని కంటుంది, క్వాడ్రికార్నిస్ గుడ్లు పెడుతుంది, మట్టి తవ్వి. ఆ గుడ్లు పొదగడానికి కూడా చల్లదనం కావాలి, నెలల తరబడి. కరెంటు పోతే అంతే సంగతులు.

గచ్చిబౌలి_గెక్కో
ఏసీ గదిలో పెడతా. 24 గంటలూ ఆన్.

పాలపిట్ట77
అద్దెకిస్తావా ఆ గది?

కరక్కాయ
ఏసీ గాలి ఆరబెట్టేస్తుంది, దానికి కావాల్సింది మబ్బు. అదలా ఉంచి, కాగితాలు ఉన్నాయా అని అడిగావా అతన్ని? వన్యప్రాణి చట్టానికి 2022లో సవరణ వచ్చాక సైట్స్ జాబితా జంతువులు ఇంట్లో ఉంటే ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి, దానికి 2024లో నియమాలు కూడా వచ్చాయి. దిగుమతి కాగితాలు లేకుండా వచ్చిన జత అయితే నమోదులో ఏం రాస్తావు? "ఒకతను తెచ్చాడు" అనా?

గచ్చిబౌలి_గెక్కో
అడిగా. "అన్నీ ఉన్నాయి సార్" అన్నాడు. చూపించమంటే ఫోన్ ఎత్తట్లేదు.

సీమరాళ్లు
నీ ఎనభై వేలు బతికిపోయాయి.

అయిదో_పీరియడ్
ఇంటర్ పిల్లలకి జువాలజీ చెబుతాను. ఈ చర్చ క్లాసులో చదివి వినిపించా (గచ్చిబౌలి తమ్ముడి భాగం వదిలేసి). ఒక అమ్మాయి అడిగింది, కాఫీ చెట్టు మీద వదిలితే కాఫీ ఆకు రంగులోకి మారి దాక్కుంటుంది కదా సార్, మళ్లీ ఎలా పట్టుకుంటాడు అని. మనలో చాలామందికీ అదే అపోహ. ఊసరవెల్లి వెనకున్న దాన్ని చూసి ఆ రంగు వేసుకోదు. కోపం, భయం, చలి, ఎండ, జత కోసం పిలుపు, వీటికి మారుతుంది. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు మడగాస్కర్ పాంథర్ ఊసరవెల్లి మీద చేసిన పనిలో తేలిందేమంటే, చర్మంలోని కణాల్లో గ్వానిన్ స్ఫటికాలు వరసగా పేర్చి ఉంటాయి. నిమ్మళంగా ఉన్నప్పుడు అవి దగ్గర దగ్గరగా ఉండి నీలాన్ని తిప్పికొడతాయి, పైనున్న పసుపుతో కలిసి మనకి పచ్చగా కనిపిస్తుంది. రెచ్చిపోతే స్ఫటికాల మధ్య ఎడం పెరిగి పసుపు, ఎరుపు వైపు జరుగుతుంది. అంటే అది వేషం కాదు, మూడ్.

కాబట్టి రాజకీయ నాయకుల్ని ఊసరవెల్లి అనడం ఊసరవెల్లికే అవమానం అని నోట్సులో రాయించబోయి మానుకున్నా.

డువాలా_భీమవరం
కర్ర మీద ఉన్నప్పుడు అది ముదురు రంగులో, మచ్చలు మచ్చలుగా ఉంది సార్. నేనదే దాని అసలు రంగనుకున్నా.

అయిదో_పీరియడ్
భయంతోనో కోపంతోనో అయి ఉండాలి. అలాంటప్పుడు చాలా ఊసరవెల్లులు ముదురెక్కుతాయి. రాత్రి నిద్రపోయేటప్పుడు చాలావరకు లేత రంగులోకి పాలిపోతాయి, కొమ్మ చివర పడుకుంటాయి. టార్చి వేస్తే తెల్లగా మెరుస్తాయి. అడవిలో లెక్కపెట్టేవాళ్లు రాత్రిపూటే వెళ్లేది అందుకే.

మిడతంభొట్లు
భీమవరం అన్న పత్తా లేడు మూడు వారాలుగా. డ్రైవరు దింపేశాడా?

డువాలా_భీమవరం
ఉన్నా ఉన్నా. మళ్లీ వెళ్లొచ్చా. బల్లిశాస్త్రి గారి మాట గుచ్చుకుంది, నిద్ర పట్టలేదు రెండు రోజులు.

కుర్రాడు అక్కడే ఉన్నాడు, నన్ను చూసి పరిగెత్తుకొచ్చాడు, ఈసారి చేతిలో ఏమీ లేదు. నా కొలీగ్‌కి ఫ్రెంచ్ బాగా వచ్చు, అడిగించా. కరక్కాయ గారు గెలిచారు. మేం వెళ్లగానే మళ్లీ పట్టుకున్నాడట, ఆ సాయంత్రమే ఇంకో కారు వాళ్లకి చూపించి వెయ్యి తెచ్చుకున్నాడట. తర్వాత పైన వదిలేశానన్నాడు. నమ్మాలో లేదో తెలియదు. సిగ్గుపడుతూ మాత్రం చెప్పలేదు, చక్కగా లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు.

పట్టి తేవద్దు, ఉన్నచోటికి తీసుకెళ్లి చూపిస్తే అదే రెండువేలిస్తానని చెప్పించా. వాళ్ల అన్నయ్య కూడా వచ్చాడు తోడు. ఈసారి రాత్రి న్‌కోంగ్‌సాంబాలో ఉండేలా ప్లాన్ చేసుకున్నాం కాబట్టి తొందర లేదు. ఆరున్నరకి చీకటి పడింది. గంటసేపు ఏమీ లేదు, చలి, తడి ఆకులు, నా బూట్లలో నీళ్లు. అంతలో పిల్లాడు టార్చి పైకి తిప్పి ఆపాడు. కొమ్మ చివర లేత పసుపు కలిసిన తెలుపు, తోక చుట్టచుట్టి పెట్టుకుని, కాగితం మడిచి పెట్టినట్టు. ఇంకో పది అడుగుల్లో ఇంకోటి, దానికి కొమ్ములు నామమాత్రం, ఆడది అనుకుంటా. మొత్తం మూడు చూశాం. ముట్టుకోలేదు. దిగుతుంటే అడవి అంచున కొత్తగా కొట్టిన చెట్లు, కాలిన మోడులు, వాటి మధ్య మొక్కజొన్న. పగలు ఎక్కేటప్పుడు అదే దారి, పొలం బాగుందనుకుంటూ నడిచా.

కరక్కాయ
రేపు ఇంకో కారు వాళ్లొస్తే పట్టుకొచ్చే చూపిస్తాడు, చీకట్లో కొండెక్కే ఓపిక ఎంతమందికి ఉంటుంది? అయినా పోయినసారి కంటే నయం.

బల్లిశాస్త్రి
మగదానికి కొమ్ములెన్ని, తేలిందా?

డువాలా_భీమవరం
నాలుగు. లెక్కపెట్టింది నా కొలీగే. డ్రైవరు మాత్రం మమ్మల్ని చేతులు కడుక్కున్నాకే కారెక్కించుకున్నాడు.